అమ్మ స్వెటర్ గుండీలు

అక్కా, నేను కులాసా. గుండీల కొట్టు నెమ్మదిగా నడుస్తోంది, మీరెవరూ కంగారుపడకండి. క్రిస్మస్‌కి అమ్మకి కొత్త స్వెటర్ కొంటానని పోయినసారి గొప్పగా అన్నాను కదా, ఈ ఏడు అది నా వల్ల కాదు. వట్టి చేతులు చూపించలేక నాలుగు రోజులు మథనపడ్డాను.

మొన్న మా వీధి నర్సమ్మ వాళ్ళాయన పాత కోటు పట్టుకొచ్చి, "కొత్తది కొనే తాహతు లేదయ్యా, గుండీలన్నా మార్చు" అంది. ఆరు గుండీలు ఏరి కుట్టిచ్చాను. నిన్న ఆయన ఆ కోటు తొడుక్కుని నా కొట్టు ముందు మూడుసార్లు అటూ ఇటూ తిరిగాడు. "ఏంటి బాబాయ్, దారి తప్పావా?" అన్నాను. "వీధంతా కొత్తదా అని అడిగార్రా, నువ్వొక్కడివే అడగలేదు" అన్నాడు.

అప్పుడు తట్టింది నాకు. అమ్మ గోధుమరంగు స్వెటర్‌కి ఇంకా పిన్నీసులే కదా పెట్టుకుంటోంది? కొట్లో ఉన్నవాటిలో మంచి గుండీలు ఏరి పంపుతాను. ఆ స్వెటర్‌కి మిగిలిన ఒక్క గుండీని కాగితం మీద పెట్టి, చుట్టూ పెన్సిల్‌తో గీసి, ఎన్ని కావాలో రాసి పంపు. అమ్మకి తెలియనీకు. బావ దగ్గు తగ్గిందా? చంటిది ఏడవకుండా బడికెళ్తోందా?

ఇంతా రాశాక గుర్తొచ్చింది, ఇది కార్డు, పోస్టుమాన్ ఇచ్చేది అమ్మ చేతికే. అమ్మా, ఎలాగూ చదివేశావు, ఆ గీతేదో నువ్వే గీసి పంపు. రంగు మాత్రం చెప్పను, అదన్నా పండగ దాకా దాగనీ. ప్రభువు మిమ్మల్నందర్నీ చల్లగా చూడాలి.

మీ చిన్నోడు