కోసి పారేసిన గడ్డలు

ఫిబ్రవరి 9, ఉదయగిరి

చెక్క గరిటెల మీద మా పేపర్ ఫీచర్ కోసం, వాటిని చెక్కే కమాలుద్దీన్ ఇంటికి వెళ్ళాను. చొక్కా లేకుండా చెక్కుతున్నాడు. మెడ వెనక ఒకటి, ఛాతీ మీద కొన్ని గట్టి గడ్డలు. నొప్పి లేదట. చెక్క పేళ్ళు సార్, సన్నటి ముక్కలు, లోపల ఇరుక్కుంటే ఇట్లనే గడ్డ కడతాయి, మాకు మామూలే అన్నాడు. అరచేతిలో అంటే సరే, మెడ వెనక్కి పేడు ఎట్లా పోయిందని అడిగాను. మీకు పేపర్ తెలుసు, చెక్క తెలీదులే అని నవ్వాడు. నవ్వు మధ్యలో దగ్గాడు.

ఫిబ్రవరి 21, ఆత్మకూరు

పేళ్ళు తీయమని ఇక్కడి ఒక ప్రైవేట్ క్లినిక్‌కి వచ్చారని అతని భార్య వజీరున్నీసా ఫోన్ చేసింది. డాక్టర్ రెండు గడ్డలు కోశాడు. పేడు లేదు. కొవ్వు గడ్డలని చెప్పి కుట్లు వేశాడు.

వెళ్ళి అడిగాను, ల్యాబ్‌కి పంపారా అని. చెత్త బకెట్‌లో వేశామన్నాడు. ఇంత గడ్డకి బయాప్సీ ఏందయ్యా, నువ్వు పోయి న్యూస్ రాసుకో పో అన్నాడు.

కోసేటప్పుడు లేని బద్ధకం పంపేటప్పుడు ఎందుకు?

మార్చి 3

నెల్లూరులో చూపించమని ఫోన్ చేశాను. డాక్టరే కొవ్వన్నాక మీరెందుకు భయపెడతారని కమాలుద్దీన్ పెట్టేశాడు.

ఏప్రిల్ 30

కుట్ల పక్కనే కొత్త గడ్డ లేచిందట.

మే 6, నెల్లూరు

దర్గాకి తీసుకుపోతే చాలని బంధువులు అన్నారట. మొక్కూ మొక్కుతా, డాక్టర్‌కీ చూపిస్తా, రెండూ చేస్తే ఎవురూ అలగరు అంది వజీరున్నీసా. నేనూ వాళ్ళతో బస్సెక్కాను.

చర్మం డాక్టర్ ప్రమీలారాణి గడ్డలు తాకి చూసింది. చర్మం గురించి ఒక్క మాటా అడగలేదు. దగ్గు ఎన్నాళ్ళ నుంచి, బరువు తగ్గాడా అని అడిగింది. ఒక ముక్క తీసి బయాప్సీకి పంపింది. ఛాతీ స్కాన్ రాసింది.

మే 15

ఊపిరితిత్తుల క్యాన్సర్. చర్మందాకా పాకింది. కొందరిలో లోపలి క్యాన్సర్‌కి బయట కనబడే మొదటి గుర్తు ఈ గడ్డలేనని ప్రమీలారాణి చెప్పింది. ఫిబ్రవరిలోనే పరీక్షిస్తే నయమయ్యేదా అని అడిగాను. అట్లా చెప్పలేను, మందు మాత్రం అప్పుడే మొదలయ్యేది అంది.

మే 17, ఆత్మకూరు

మళ్ళీ క్లినిక్. నేను కోసినవి కొవ్వు గడ్డలే, కాదని రుజువుందా అన్నాడు డాక్టర్. లేదు. రుజువు పారేసింది ఆయనే. రుజువు లేని వార్త నేను ఇవ్వను. ఆ సంగతి ఆయనకూ తెలిసినట్టుంది. టీ తెప్పించాడు. తాగలేదు.

మే 20, ఉదయగిరి

వార్త రాదని చెప్పాను. పేపరెందుకు, నేనుండానుగా అన్నాడు కమాలుద్దీన్. వీధిలో చెక్కేవాళ్ళందరినీ పిలిపించి చొక్కా విప్పి కూర్చున్నాడు. తాకి చూడండ్రా, పేడైతే నొక్కితే గుచ్చుకుంటాది, ఇది గుచ్చుకోదు అన్నాడు. ఒక్కొక్కరే తాకారు. వాళ్ళలో నిసార్ అనే అతను ఒక చెయ్యి ఆ గడ్డ మీదే ఉంచి, రెండో చేత్తో తన మెడ తడుముకుంటున్నాడు.