ఇంటితో సహా ఊరు దాటిన అమ్మ

పెద్దన్నయ్యకి, మార్సెలా రాస్తున్నాను. అమ్మ క్షేమం, ఇల్లూ క్షేమం. నా ఓపికే ఏట్లో కొట్టుకుపోయింది.

గట్టు విరిగి ఏరు పెరట్లోకి వచ్చేసిందని రాశాను కదా. ఈస్టర్ పూజ కాగానే, పండక్కి మనీలా నుంచి వచ్చిన మనవాళ్లంతా మన తాటాకు ఇంటికింద వెదురు బొంగులు కట్టి, ఏటికి దూరంగా దించుదామని ఇంటిని భుజాలకెత్తుకున్నారు. నువ్వొక్కడివే రాలేదు. అమ్మేమో దిగనంది. కోడిపెట్టను ఒళ్లో పెట్టుకుని లోపలే కూర్చుంది. వాళ్లు దించబోయిన ప్రతిచోటా కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏరు ఇంకా కనపడుతూనే ఉందిరా, ఇంకాస్త పదండి" అంది. చివరికి పొలిమేర తూము అవతల దించారు. అది మన ఊరు బులానోగ్ కాదు, పక్క ఊరు దాంగ్కలాన్! నేను వండిన నూడుల్సు తిని, కల్లు తాగి, బస్సెక్కే దాకా ఒక్కడికీ ఆ సంగతి తట్టలేదు.

వచ్చే నెల మన ఊరి పునీత ఇసిద్రో స్వామి ఊరేగింపు తూము దగ్గరే వెనక్కి తిరుగుతుంది. "స్వామి నా గుమ్మం ముందుకి రాడా?" అని అమ్మ ఒకటే ఏడుపు. మేయర్ని అడిగితే, "స్వామి పక్క ఊళ్లోకి వెళితే మనవాళ్లు నన్ను బతకనిస్తారా? ఇల్లే వెనక్కి తెచ్చుకోండమ్మా" అన్నాడు. ఇక్కడ మిగిలిన ముసలాళ్లు మోస్తారా?

అందరినీ వెంటబెట్టుకుని నువ్వే రా. అమ్మ మోకాళ్లకి నూనె తీసుకురా. పాపకి దగ్గు తగ్గిందా? వదినకి నమస్కారాలు, మీ అందరికీ అమ్మ దీవెనలు.

ఈసారి మాత్రం ముందు ఆవిణ్ణి దింపి, ఆ తర్వాతే ఇల్లెత్తండి.