అంచు దగ్గర ఉబ్బే అల

బావగారికి,

యాంటెన్నా అల ఎలా పాకుతుందో లెక్కగట్టి చూపే మీ ప్రోగ్రాములో, అల తెర అంచుకు చేరగానే తగ్గకుండా ఉబ్బిపోతోందని అక్క ప్రింటు తెచ్చి చూపించింది. లెక్కలో అంచు దగ్గర దూరాలను సంకీర్ణ సంఖ్యలుగా మారిస్తే అల వెనక్కి రాకుండా అక్కడే అణగిపోవాలి. మన ఆఫీసు కోసం ఆ ప్రోగ్రాము రాసింది నేను. నా పేరు తీసేసి మీ పేరు పెట్టుకున్నారు. ఎవరో అడిగితే, "వాడి మొహం, టైపు కొట్టాడంతే" అని నవ్వారట.

మీరు తిరగరాసేటప్పుడు ఒక చోట ప్లస్‌కి బదులు మైనస్ పడింది. ఎక్కడో నాకు తెలుసు. అక్క బతిమాలినా చెప్పలేదు.

సోమవారం మీ ప్రదర్శనకు వచ్చి ముందు వరసలో కూర్చుంటాను. తెర మీద అల ఉబ్బగానే, "బామ్మర్దీ, ఈ లెక్క నీదే, వచ్చి సరిచెయ్యి" అని అందరూ వినేలా పిలవండి. లేవాలో వద్దో అప్పుడు ఆలోచిస్తాను.