వెనక్కి తిప్పినా చదివిన అఖ్సా

నాయనా, నా జ్వరం తగ్గిపోయింది, డ్యూటీకి వెళ్తున్నాను.

పోయిన వారం మా ఆరోగ్య కేంద్రం తరపున ఏర్పేడు దగ్గర బడిలో పిల్లల కళ్లు పరీక్షించాను. మూడో తరగతి అఖ్సా అక్షరాల అట్టను చివరి వరస దాకా గడగడా చదివేసింది. అనుమానమొచ్చి అట్టను వెనక్కి తిప్పాను. ఖాళీ వైపు చూసి కూడా తప్పు లేకుండా చదివింది. కళ్లద్దాలొస్తే అందరూ నవ్వుతారని, ముందువాళ్లు చదివింది విని బట్టీ పట్టిందట.

నిన్న అద్దాలు పెట్టగానే నన్నే ఎగాదిగా చూసి, "మేడమ్, మీ మొగాన ఇన్ని మొటిమలుండాయా?" అనింది.

అమ్మను సున్నిపిండి పంపమను. చూడి ఆవు ఈనిందా?

నీ కళ్లకేం కాలేదంటావు కదా, ఈ కార్డు నువ్వే చదువుతుంటే సంతోషం. అమ్మ చదివి వినిపిస్తుంటే మాత్రం, అమ్మా, రేపే నాయనను పలమనేరులో కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపో.

మీ ఇద్దరికీ దండాలతో,
లోహిత