పెంకుల సందులో మాత్రలు

గౌరక్కా,

నువ్వు పోయి ఏడాది. ఈరోజు వడమాలపేటలో మీ ఇంటి పైకప్పు విప్పారు. పెంకుల సందుల్లోంచి నువ్వు మింగని మాత్రలు రాలాయి. ఎలుకలు కూడా ముట్టలేదు.

నీ మొగుడు వాటిని చాటలోకి ఎత్తి నా ముందు పెట్టాడు. “నెలనెలా వచ్చి ఖాళీ అట్టలు లెక్కబెట్టుకోని పోతావుంటివి గదమ్మే. మాత్రలు యాడికి పోయినాయని ఒక్కనాడన్నా అడిగినావా?”

అడగలేదు. మతి చెదిరినవాళ్ల ఇళ్లకు తిరిగి బాగోగులు చూడటం నా పని. ఎలా చూడాలో ఎవరూ నేర్పలేదు. ఖాళీ అట్ట ఉంటే మాత్ర కడుపులోకి పోయినట్టేనని అట్టల లెక్క మాత్రమే అడిగే ఆఫీసు కాగితం చూసి నేనే అనుకున్నాను.

“మాత్ర ఏసుకుంటే చేతులు వణుకుతుండాయి పాపా, పూలు కట్టేకి కాలేదు” అని నువ్వు ఒకసారి చెప్పావు. “తగ్గిపోతుందిలే అక్కా” అని, ‘సరిగ్గా వేసుకుంటోంది’ అని రాసుకొచ్చాను. డాక్టరుకు చెప్పి ఉంటే మాత్ర మార్చేవాడు. జబ్బు తిరగబెట్టి నువ్వు ఇల్లు విడిచి వెళ్లి, రోడ్డు పక్కన ఎండకు పడి చనిపోయాక, ఆ వణుకు మాత్ర వల్లేనని పుస్తకంలో చదివాను. నా తెలివి తగలబడ.

మధ్యాహ్నం రేణిగుంటలో నాకు కొత్తగా అప్పగించిన ఒక ఇంటికి వెళ్లాను. గోడౌనులో మూటలు మోసే అన్న, నేను నోరు తెరవకముందే ఖాళీ అట్ట తీసి ఇచ్చాడు.

“అది పక్కన పెట్టన్నా. చేతులు సూపించు.”

“చేతులెందుకమ్మే?” అని నవ్వుతూ రెండూ చాపాడు.

నీ చేతులే అక్కా. అలాగే వణుకుతున్నాయి.