మందుల కొట్టు బల్ల

తిరువూరు,
12-7-1974

చి॥ రమాసుందరికి తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. ముందు ముందు మందుల కొట్టువాడి పని మాత్రలు అందించడమేనని మీ ఫార్మసీ క్లాసులో చాలామంది అన్నారట. రోగితో మాట్లాడటమే అసలు పని అని నువ్వూ ఇంకో ఇద్దరూ వాదించారట. మీరు ఇప్పుడు కనిపెట్టిన ఆ పని నేను ముప్పై ఏళ్లు చేసి తిట్లు తిన్నానమ్మా.

అప్పట్లో మిక్శ్చరు సీసాకు గంట్లు పెట్టిన కాగితం అంటించేవాణ్ని. గంటుకు ఒక పూట మందు. వినగడప ఊరి నుంచి వచ్చిన మీరాబీ ఆ గంట్లు ఇంట్లో పిల్లలకు తలా ఒకటనుకుంది. మర్నాడే ఖాళీ సీసాతో వచ్చింది. జ్వరం ఒక్క మనవడికే. "వాడొక్కడికే పోస్తే మిగతావాళ్లు ఏడవరా అయ్యగారూ?" అంది.

ఆనాటి నుంచి కొట్టులో బల్ల వేసి, ప్రతివాళ్లనీ కూర్చోబెట్టి, మందు ఎలా వాడాలో వాళ్ల నోటితోనే చెప్పించుకుని పంపేవాణ్ని. వాళ్లు దాంతోపాటు ఇంటి సంగతులన్నీ చెప్పేవారు. ఆ సందడి ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "ఇది కొట్టా, వీధిబడా?" అని మా ఊరి డాక్టరు వెక్కిరించేవాడు. ఆయన పోయాడు గాని ఆ మాట నన్ను వదల్లేదు.

మొన్న మీ నాన్న, "బేరానికి బల్ల అడ్డం నాన్నా" అని దాన్ని తీయించి గాజు బీరువా పెట్టించాడు. ఇన్ని గ్రంథాలు చదివిన నాకు కొడుకుని ఒప్పించే మాట ఒక్కటీ దొరకలేదు.

కంపెనీ ఉద్యోగమా, మన కొట్టా అని అడిగావు. ఆ బల్ల నా గదిలో ఉంది. దాని మీద పుస్తకాలు పేర్చుకున్నాను. నువ్వు కొట్టుకు వస్తానని రాస్తే, ఆ రోజే పుస్తకాలు కింద పెడతాను.

మీ తాతయ్య