పోతలో తగ్గే కొలత

ఆదివారం, కోయంబత్తూరు

హాలీవుడ్ వాళ్ళు తిరిగి తీసిన ఆ జపాన్ సినిమాకు మధ్యాహ్నం నేనూ, నా భార్య రాజమ్మా, బావా వెళ్ళాం. బయటికి రాగానే బావ తన సగం అరవంలో ఎగిరిపడ్డాడు. "శుద్ధ కాపీ దా, మచ్చా! అసలుదాంట్లో ఆ కూతురు ఏడ్వనే లేదు. దీంట్లో ఏమి ఆ ఒప్పారి ఏడుపు!"

నేనూ తల ఊపాను. ఎందుకు ఊపానో.

అసలుది పోయినేడు మిల్లు క్లబ్బులో చూశాం. తండ్రి పోయాక వచ్చిన కూతురు గడపలో ఊరికే నిలబడిపోతుంది. నేను తెర మీంచి కళ్ళు తిప్పలేకపోయాను. పక్కన రాజమ్మ నిద్రపోయింది. ఈరోజు అదే ఘట్టం దగ్గర నా చెయ్యి గట్టిగా పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆమెకు జపాను భాషా రాదు, ఇంగ్లీషూ రాదు.

ఫౌండ్రీలో చేరిన కొత్తలో, మిల్లువాళ్ళు పంపిన పగిలిన ఇంగ్లండు యంత్రపు చక్రాన్నే నమూనాగా పెట్టి ఇసుకలో అచ్చు తీసి ఇనుము పోశాను. చల్లారాక చిన్నదైపోయింది, ఇరుసుకు పట్టలేదు. మేస్త్రి తిట్టలేదు. "ఇనుము ఆరితే సురుంగి తగ్గిపోతుందప్పా. ఆ తగ్గే కొలతకు నమూనా రవ్వంత పెద్దగా చెయ్యాల" అన్నాడు.

సముద్రం దాటి వచ్చే కథ కూడా అలాగే తగ్గుతుందేమో. ఆ ఏడుపు ఆ తగ్గే కొలత కోసం పెట్టిందేమో. ఆ ఏడుపు వెనక వాయించిన వయొలిన్ మాత్రం నాకూ ఎక్కువే అనిపించింది. అయినా బావతో ఈ పోత మాట అనాల్సింది...

రాత్రి అన్నం వడ్డించి రాజమ్మ సంచిలో చీర సర్దుకుంది.

"రేపు తొలి బస్సుకు మా ఊరు వాడిపట్టి పోతాను. నాయనను చూసి ఆరు నెలలాయె" అంది.